నిన్ను గుర్తుపట్టిన రక్తం

మిర్యాలగూడ,
జూన్ 9, 2024

సైదులు బావకు,

ఈ ఉత్తరం చూసి కంగారు పడకు. నేనింకా బతికే ఉన్నాను. పదకొండేళ్ళ కింద నన్నూ పిల్లనూ వదిలేసి కోదాడలో సునీతతో కాపురం పెట్టిన రోజు, ఇక నీతో నోటి మాట మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు అలాగే ఉంది. రాయనని మాత్రం ఎప్పుడూ అనలేదు కాబట్టి రాస్తున్నాను. ఫోన్లో నీ నంబరు బ్లాక్ చేసి ఉంది, దాన్ని తీసేది లేదు.

నా రెండు కిడ్నీలూ పోయిన సంగతి దీప్తి చెప్పే ఉంటుంది. వారానికి మూడుసార్లు డయాలసిస్. మంచినీళ్ళు కూడా కొలుచుకుని తాగాలి. కర్రీ పాయింట్ మాత్రం మూయలేదు. వండేది నేనే, ఉప్పు సరిపోయిందో లేదో పక్క షాపు గీత వచ్చి రుచి చూసి చెప్పాలి. ఊరంతా లొట్టలేసుకుంటూ తినే నా పప్పుచారు నా నోటికే పనికిరాకుండా పోయింది.

కిడ్నీ మార్చాలని డాక్టరమ్మ అంది. దీప్తి తనది ఇస్తానని ఒకటే పట్టు. పెళ్ళి కావాల్సిన పిల్ల, సూర్యాపేట కాలేజీలో ఇప్పుడిప్పుడే లెక్చరర్‌గా కుదురుకుంది, దాని పొట్ట కోయించి నేను బతకాలా? మొన్న కూర్చుని ఏడ్చింది. "నాయన కూడ ఇస్తనంటుండు. నువ్వే వద్దంటున్నవ్. ఇద్దరి మధ్యల నేను నలిగిపోతున్న" అంది.

నీ ఒంటి ముక్క నా ఒంట్లోనా, థూ అనుకున్నాను ముందు. తర్వాత ఇంకోలా తోచింది. నీ పక్కలో కోత పెట్టి, ఒక కిడ్నీ పీకి, నాకు పెడతారు. నొప్పి నీకు, లాభం నాకు. ఇంతకన్నా మంచి బేరం మన కాపురంలో ఎప్పుడూ కుదరలేదు. అందుకే ఒప్పుకుంటున్నాను. దానం చేస్తున్నానని మాత్రం అనుకోకు. ఇది వసూలు.

కాగితం మీద మాత్రమే నీ భార్య,
జంగమ్మ

*

కోదాడ,
జూన్ 24, 2024

జంగమ్మకు,

నీ చేతిరాత చూసి ఎన్నేళ్ళయింది! తిట్లతో సహా రెండుసార్లు చదువుకున్నాను. వసూలన్నావు, అలాగే కానీ. నాకేం బాధ లేదు.

హైదరాబాద్ పోయి రక్తం ఇచ్చి వచ్చాను. నాది ఓ గ్రూపు. ఎవరికైనా ఎక్కుతుందట. ఇంకో పరీక్షలో మన ఒంటి గుర్తులేవో కలుస్తాయా లేదా అని చూశారు. డాక్టరమ్మ కాగితం చూసి, "మీరిద్దరూ చుట్టాలా?" అని అడిగింది. "మేనమరదలు మేడం. ఆమెకు అమ్మమ్మ, నాకు నాయనమ్మ ఒక్కతే" అన్నాను. "అదీ సంగతి, సగానికి పైగా కలిసినయ్" అంది.

చూశావా, మన పెద్దలు మేనరికం ఊరికే చేయలేదు. బయటి సంబంధం చేసుకుని ఉంటే ఈరోజు నీకు ఎవరు సరిపోయేవారు? ఇంకా క్రాస్ మ్యాచ్ అని ఒక పరీక్ష మిగిలిందట. అది పేరుకే అని నా నమ్మకం. ఒక్క రక్తం కలవకుండా ఎక్కడికి పోతుంది?

సునీతకు ఇది ఇష్టం లేదు. దాన్ని నేను చూసుకుంటాను. అమ్మకు చెబితే చాలా సంతోషపడింది. నీ మీద ప్రాణం ఆమెకు. నువ్వు ధైర్యంగా ఉండు.

సైదులు

*

మిర్యాలగూడ,
జూలై 7, 2024

సైదులు బావకు,

రుక్కమ్మత్తకు నా మీద ప్రాణమో, కొడుకు గొప్ప చెప్పుకోవడం మీద ప్రాణమో నాకు తెలియదు. మొన్న గీత తన ఫోన్ తెచ్చి చూపించింది. హుజూర్‌నగర్ పక్కన మన ఊళ్ళో, పంచాయతీ ఆఫీసు ముందు, నీ మెడలో పూలదండ, భుజాన శాలువా. కింద "భార్యకు ప్రాణదానం చేస్తున్న సైదులు గారికి సన్మానం" అని రాశారు. గారు!

నన్ను వదిలేసిన రోజు నీకు ఎవడూ చెప్పుల దండ వేయలేదు. ఇంకా ఏమీ ఇవ్వకముందే శాలువా కప్పారు. ఒళ్ళు మండిపోయింది బావా. రెండు రోజుల నుంచి కూరకు వచ్చిన ప్రతి ఆడమనిషీ ఒకటే పాట. "ఎంతైనా మొగుడు మొగుడే జంగమ్మా. మంచోడే పాపం." పొయ్యి మీది గరిటెతో ఒకామెను కొట్టబోయి ఆగాను. నేను ఒక్కదాన్నే కర్రీ పాయింట్ పెట్టి పిల్లను ఎమ్మెస్సీ దాకా చదివిస్తే ఎవరూ ఒక కర్చీఫ్ కూడా కప్పలేదు.

ఒకటి గుర్తుపెట్టుకో. నీ కిడ్నీ తీసుకుంటాను, దానితో నిక్షేపంగా బతుకుతాను. నిన్ను మాత్రం క్షమించను. విడాకుల కాగితం మీద సంతకం కూడా పెట్టను. నేను ఉన్నంతకాలం సునీత పేరు పక్కన నీ పేరు చట్టప్రకారం పడదు. ఆపరేషన్ బల్ల మీద పడుకునే ముందు ఇది తెలుసుకుని పడుకో.

జంగమ్మ

*

కోదాడ,
జూలై 20, 2024

జంగమ్మా,

నీ పంతం నెగ్గింది. సంతోషమేనా?

నిన్న ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. క్రాస్ మ్యాచ్ తప్పిందట. నా కిడ్నీ నీకు పనికిరాదట. అంతకుముందు సగానికి పైగా కలిసినవి ఇప్పుడు ఒక్కసారిగా ఎట్లా తప్పుతాయి? నేనేం చిన్నపిల్లాడిని కాదు. శాలువా ఫొటో చూసి నీకు ఒళ్ళు మండింది. "ఆయనది నాకొద్దు, ఏదో ఒకటి చెప్పి పంపెయ్యండి" అని డాక్టరమ్మ చెవిలో వేసి ఉంటావు. ఇంత చేస్తావని అనుకోలేదు.

ఆ శాలువా నేను అడగలేదు. అమ్మ నలుగురికీ చెప్పుకుంది, వాళ్ళు పిలిచారు, కాదంటే బాగుండదని పోయాను. ఇప్పుడు ఆ నలుగురే, "భయపడి డాక్టర్లకు ఏదో ముట్టజెప్పి తప్పించుకున్నడు" అంటున్నారు. బజారులో మొహం ఎత్తుకోలేకపోతున్నాను. వరికోత మిషన్ మీద కూలికి వచ్చేవాళ్ళు కూడా నన్ను చూసి నవ్వుతున్నారు.

నన్ను నలుగురిలో నవ్వులపాలు చేయడానికి నీ ప్రాణం మీదికే తెచ్చుకున్నావు. నీలాంటి మనిషిని నేను చూడలేదు.

సైదులు

*

మిర్యాలగూడ,
జూలై 28, 2024

సైదులు బావకు,

నీ ఉత్తరం చదివి పడీ పడీ నవ్వాను. డయాలసిస్ మంచం మీద అలా నవ్వితే సిస్టరమ్మ పరుగెత్తుకొచ్చింది.

నేను ఎవరి చెవిలోనూ ఏమీ వేయలేదు. చేసిందంతా నా రక్తం. డాక్టరమ్మ చెప్పింది సగం అర్థమైంది, మిగతా సగం దీప్తి కర్రీ డబ్బా మూత మీద బొమ్మలు గీసి చెప్పింది. నీకూ చెబుతాను, విను.

ఒంట్లో కాపలా కాసే కణాలున్నాయి. దేన్ని చూస్తే అవి లేచి మీద పడతాయో దాన్ని యాంటిజెన్ అంటారు. దీప్తి వాళ్ళ పుస్తకంలో ప్రతిజనకం అని ఉంటుంది. కొన్ని బయటి నుంచి వస్తాయి, సూక్ష్మక్రిములూ పుప్పొడీ లాంటివి. కొన్ని లోపలే పుడతాయి, మన కణమే చెడిపోయినప్పుడో, దానిలో పురుగు దూరినప్పుడో. ఒక్కోసారి ఒళ్ళు దారి తప్పి తన సొంతదాన్నే యాంటిజెన్ అనుకుని కొరుక్కుంటుంది. ఇంకో రకం సాటి మనిషిది. ఒక్కో మనిషి కణాల మీద ఒక్కో రకం గుర్తులుంటాయి. నీవి నీకు సొంతం, నాకు పరాయి.

అన్నిటికీ ఒళ్ళు ఒకేలా లేవదు. ఎంత పరాయిదైతే అంత ఉలిక్కిపడుతుంది. పెద్దదై, మెలికలు మెలికలుగా ఉంటే తొందరగా పట్టేస్తుంది. మరీ చిన్నదైతే పట్టించుకోదు. పెన్సిలిన్ సూది మందులోని ముక్క అట్లాంటిదేనట. ఒంటరిగా ఉంటే దాన్ని ఎవరూ చూడరు. మన ఒంటి ప్రోటీన్‌కు అతుక్కుందంటే కొందరికి దద్దుర్లు లేస్తాయి. నాకు వెంటనే నువ్వు గుర్తొచ్చావు. ఒక్కడివే తిరిగినన్నాళ్ళు ఊళ్ళో నిన్నెవడూ పట్టించుకోలేదు. కోదాడలో పోయి అతుక్కున్నాకే నాకు మంట మొదలైంది.

ఏ దారిన వచ్చిందన్నది కూడా ముఖ్యమట. నోటి దారిన రోజూ వచ్చే పప్పూ అన్నానికి ఒళ్ళు అలవాటు పడి ఊరుకుంటుంది. నెత్తుటి దారిన వస్తే ఊరుకోదు. ఒకసారి చూసినదాన్ని గుర్తుపెట్టుకుంటుంది, రెండోసారి కనబడితే ఇంకా గట్టిగా లేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. నీ గుర్తులు నా నెత్తుట్లోకి ఎప్పుడొచ్చాయి? నేను నీ పిల్లలను మోసినప్పుడు. కడుపులో బిడ్డకు సగం గుర్తులు తండ్రివి. మోసేటప్పుడూ కాన్పప్పుడూ ఆ బిడ్డ నెత్తురు కొంచెం తల్లికి కలుస్తుంది. మొదటి బిడ్డ ఏడో నెలలో పోయిందే, నువ్వు మిషన్ వెంట రాయచూరులో ఉండి మూడో రోజు వచ్చావే, ఆ కాన్పులో ఒకసారి. దీప్తి పుట్టినప్పుడు ఇంకోసారి. అప్పటి నుంచి నీ మీద పెంచుకున్న యాంటీబాడీలు నా రక్తంలో కాపు కాస్తూనే ఉన్నాయి. క్రాస్ మ్యాచ్ అంటే ఏం చేశారో తెలుసా? నా రక్తపు నీళ్ళలో నీ కణాలు వేశారు. చచ్చాయి. అందులో వేసినవి వేసినట్టే చచ్చాయి.

మేనరికం కాబట్టి చాలా గుర్తులు కలిశాయి, నిజమే. కలవని ఆ కాసిన్ని చాలు. నేను కూర వండుకుంటూ నిన్ను మరిచిపోయిన రోజులున్నాయి బావా. నా రక్తం ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. దానికి దండం పెట్టుకున్నాను.

జంగమ్మ

తా.క. ఆగస్టు 2. ఈ ఉత్తరం పోస్టు చేయకముందే దీప్తి పరీక్ష వచ్చింది. నాకు తెలియకుండా పోయి రక్తం ఇచ్చి వచ్చింది. దానిదీ తప్పింది. దానిలో ఉన్నవి సగం నీ గుర్తులే కదా. నా ఒళ్ళు నిన్ను పట్టుకున్న చోటల్లా దాన్ని కూడా పట్టుకుంటోంది. "నన్ను నీ ఒళ్ళు శత్రువనుకుంటుందా అమ్మా?" అంది నవ్వుతూ. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. దాని పొట్ట కోయొద్దని మొక్కుకున్నది నేనే. అయినా ఆ మాట విన్నాక పైన రాసిందంతా చింపేద్దామనుకున్నాను. చింపలేదు. నీకు రాసిందంతా నిజమే.

*

కోదాడ,
ఆగస్టు 16, 2024

జంగమ్మకు,

నేను అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు రాసింది చదివాక మొదటి బిడ్డ గుర్తొచ్చి రెండు రోజులు మిషన్ ఎక్కలేదు. దాని గురించి ఇంతకుమించి రాయడం నాకు చేతకాదు.

డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ పోయాను. "మేడం, నాది అందరికీ ఎక్కే రక్తమన్నరు. ఆమెకొక్కదానికే ఎక్కదా? ఇంకే దారీ లేదా?" అని అడిగాను. ఒక దారి ఉందట. దామరచర్ల దగ్గర తండాలో రూప్లా అని, కరెంటు ఫ్యాక్టరీ పనులకు పోయేవాడు. ఆయనకూ కిడ్నీలు పోయాయి. భార్య భూలి ఇస్తానంటుంది, ఆమె గ్రూపు ఆయనకు పడదు. ఆమెది నీకు పడుతుంది. నాది రూప్లాకు పడుతుంది. భూలిది నీకు, నాది రూప్లాకు, ఒకేరోజు మార్చేస్తారు. అన్ని పరీక్షలూ చూసుకునే చెప్పింది.

దీనికి ఒక కమిటీ ఒప్పుకోవాలి. దగ్గరి బంధువులే ఇట్లా మార్చుకోవాలట. చట్టప్రకారం మొగుడూ పెళ్ళాలు అయితే చాలు. "విడాకులు అయినయా?" అని అడిగింది డాక్టరమ్మ. "ఆమె కానియ్యలేదు మేడం" అన్నాను. "అయితే బతికిపోయిన్రు" అంది. నా మీద పగతో నువ్వు సంతకం పెట్టలేదు. ఆ పగే ఇప్పుడు అక్కరకొచ్చింది.

సునీత అన్నం తినడం మానేసింది. "పెళ్ళానికంటే సరే, ముక్కూ మొహం తెలియనోడికి ఇచ్చేదేంటి" అంటోంది. నువ్వు ఊ అను చాలు.

సైదులు

*

మిర్యాలగూడ,
ఆగస్టు 25, 2024

సైదులు బావకు,

ఊ.

డయాలసిస్‌కు పోయిన చోట భూలిని చూశాను. రూప్లాను పక్క మంచం మీద పడుకోబెట్టి, నా దగ్గరికి వచ్చి నిలబడింది. "అక్కా, నాది నీకు. నీ పెనిమిటిది మా ఆయనకు. మంచిగ సూసుకుంటవా?" అంది. కోడిపిల్లను అమ్మేటప్పుడు చెప్పినట్టు చెప్పింది. నాకు నచ్చింది.

నాకు ఇంకో సంతోషం కూడా ఉంది, దాచుకోవడం ఎందుకు. ఇప్పుడు నీ కిడ్నీ నా ఒంట్లోకి రాదు. నేను బతికితే భూలి పుణ్యం. మొగుడి పుణ్యమని ఒక్కరు అన్నా ఊరుకోను. శాలువా వద్దు, దండ వద్దు, రుక్కమ్మత్త నోటికి తాళం వెయ్యి. మెచ్చుకునేవాళ్ళు లేకుండా నువ్వు ఎంతవరకు నిలబడతావో చూస్తాను. కమిటీ ముందుకు వచ్చే నెల చివర్లో రమ్మన్నారు. రానంటే ఇప్పుడే చెప్పు.

జంగమ్మ

*

మిర్యాలగూడ,
సెప్టెంబర్ 29, 2024

సైదులూ,

బావ అని రాయడం కూడా దండగ.

కమిటీ ఆఫీసు వరండాలో నేనూ దీప్తీ రూప్లా భూలీ సాయంత్రం దాకా కూర్చున్నాం. నీ ఫోన్ స్విచాఫ్. రూప్లాకు ఆయాసం వచ్చి బల్ల మీదే ఒరిగిపోయాడు. "వస్తడు, బస్సు ఆలస్యమైందేమో" అని భూలి గేటు దాకా పోయి చూసి వచ్చేది. ఎన్నిసార్లు పోయిందో! ఆమె మొహం నేను చూడలేకపోయాను.

నన్ను వదిలేసినప్పుడు నేను ఒక్కదాన్నే ఏడ్చాను. ఈసారి ఇంకో ఇంటిని కూడా ఏడిపించావు. శాలువా కప్పేవాళ్ళు లేరనే కదా రాలేదు?

కర్రీ పాయింట్ ముందు రోజూ కూరల పేర్లు రాసే బోర్డు ఉంది కదా. ఈరోజు ఇలా రాశాను: "పప్పుచారు, దొండకాయ వేపుడు, గోంగూర. కిడ్నీ ఇస్తానని పారిపోయిన మొగుడి పేరు సైదులు, కోదాడ." పొద్దుటి నుంచి కూరలకన్నా ఫొటోలకే ఎక్కువ మంది వచ్చారు. సాయంత్రానికి కోదాడ చేరుతుంది, రేపటికి హుజూర్‌నగర్. నువ్వు మిషన్ తీసుకుని ఏ ఊరి పొలంలో దిగినా నీకన్నా ముందు ఆ ఫొటో దిగి ఉంటుంది. చచ్చేదాకా తుడవను.

జంగమ్మ

*

సూర్యాపేట,
అక్టోబర్ 6, 2024

జంగమ్మకు,

దవాఖాన మంచం మీద నుంచి రాస్తున్నాను. డెంగీ. కమిటీకి రావడానికి బస్సెక్కి, సూర్యాపేటలో దిగి, స్టాండులోనే పడిపోయాను. ప్లేట్‌లెట్లు పడిపోయాయని ఇక్కడ చేర్చారు. దీప్తికి ఫోన్ చేసి చెప్పమని నా ఫోన్, జ్వరమని వెంట వచ్చిన సునీత చేతికి ఇచ్చాను. ఆమె చేయలేదు. స్విచాఫ్ చేసి పర్సులో పెట్టుకుంది. ఎందుకు చేయలేదంటే, "వాళ్ళంతట వాళ్ళే నిన్ను వద్దనుకుంటరని" అంది. మీ ఇద్దరి పగల మధ్య నేను చిక్కుకుపోయాను. అలా చిక్కేలా చేసుకున్నదీ నేనే.

నీ బోర్డు ఫొటో నా మంచం దాకా వచ్చింది. నెత్తురు ఎక్కించే పిల్లవాడే చూపించి, "ఇది మీరేనా అంకుల్?" అన్నాడు. అవునన్నాను.

నిన్న రూప్లా వచ్చాడు, డాక్టరమ్మ దగ్గర కబురు తెలుసుకుని, డయాలసిస్ లేని రోజు చూసుకుని, ఆ ఆయాసంతో రెండు బస్సులు మారి. నన్ను తిడతాడనుకున్నాను. "బోర్డు సూసి నేను నమ్మలే అన్నా. పారిపోయేటోడైతే అన్ని పరీక్షలు ఎందుకు సేయించుకుంటడు?" అన్నాడు. పదకొండేళ్ళు నా మొహం చూడని దానివి నువ్వు, నిన్నగాక మొన్న పరిచయమైన వాడు అతను. అతనే నన్ను నమ్మాడు. అది నాకు చాలా కష్టంగా ఉంది జంగమ్మా.

డెంగీ పూర్తిగా తగ్గాక మళ్ళీ పరీక్షలు చేసి తేదీ ఇస్తారట. వస్తాను. నువ్వు బోర్డు తుడిచినా, తుడవకపోయినా వస్తాను.

సైదులు

*

మిర్యాలగూడ,
ఫిబ్రవరి 3, 2025

సైదులు బావకు,

ఆపరేషన్ అయ్యాక ఇదే మొదటి ఉత్తరం. కూర్చుని రాయగలుగుతున్నాను.

బోర్డు నీ దవాఖాన ఉత్తరం అందిన రోజే తుడిచేశాను. తప్పయిందని దాని మీద రాయలేదు. పప్పుచారు, బెండకాయ అని రాశాను. ఫొటో తీయడానికి ఎవరూ రాలేదు.

కమిటీ ముందు ఆ పెద్దాయన నన్ను అడిగింది నువ్వూ విన్నావు. "ఈయన నీకు ఏమైతడమ్మా?" నీ ముందు నోరు తెరవాల్సి వస్తుందని నాకు ముందే తెలుసు. కాదనేస్తే నీకు తగిన శాస్తి జరిగేది. బస్సులో అదే ఆలోచించుకుంటూ వచ్చాను. అప్పుడు పక్కనున్న భూలి నా కొంగు గట్టిగా పట్టుకుంది. "నా మొగుడు. ఇడిసిపెట్టి పోయిండు. అయినా నా మొగుడే" అన్నాను. నువ్వు తల దించుకుని ఏడ్చావు. ఒట్టు తప్పానని అనుకోకు. నేను మాట్లాడింది ఆ పెద్దాయనతో, నీతో కాదు.

భూలి కిడ్నీ బాగా పనిచేస్తోంది. గ్లాసు నిండా నీళ్ళు తాగాను బావా. ఆపకుండా తాగి, ఇంకో గ్లాసు అడిగాను. రూప్లాకు నీది బాగా కుదిరిందట. మేనరికం కాదు, చుట్టం కాదు, కులం కాదు, అయినా కుదిరింది.

డాక్టరమ్మ కవరు నిండా మాత్రలిచ్చింది, బతికినన్నాళ్ళూ పొద్దునా సాయంత్రం వేసుకోవాలి. భూలి కిడ్నీ కూడా నా ఒంటికి పరాయిదే కదా, ఈ మాత్రలు ఒంటిని లేవనివ్వకుండా జోకొడతాయట. మానేస్తే మళ్ళీ లేచి కొత్త కిడ్నీని తినేస్తుందట. "ఇవి మింగితే మనసుల కోపం కూడ తగ్గుతదా మేడం?" అని అడిగాను. "దానికి మా దగ్గర మందు లేదమ్మా" అంది. మంచిదే అన్నాను. అది కూడా పోతే నా దగ్గర నాది అంటూ ఏం మిగులుతుంది?

నిన్ను క్షమించలేదు. ఇది కూడా రాసి పెట్టుకో. నీకు ఇప్పుడు ఒక్కటే కిడ్నీ ఉంది. ఎండలో మిషన్ ఎక్కినప్పుడు నీళ్ళ సీసా దగ్గర పెట్టుకో. నొప్పి గోలీలు అడ్డమైనవి మింగకు. బీపీ చూపించుకో. నాకన్నా ముందు పోయావంటే ఊరుకోను. నువ్వు లేకపోతే ఈ కోపమంతా ఎవరికి రాయాలి?

జంగమ్మ